హార్డ్ డిస్క్ మార్చండి, లాప్‌టాప్ కాదు

ప్రశ్న: అన్నయ్య తను వాడిన థింక్‌ప్యాడ్ టీ480 నాకిచ్చాడు. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. మరీ నెమ్మది. కొత్తది కొనమంటారా?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: ముందు ప్రాసెసర్ నంబరు చూడండి. టీ480లు కొన్ని 7వ తరం చిప్‌తోనూ వచ్చాయి. ఐ5 పక్కన అంకె 8తో మొదలైతే విండోస్ 11కి ఢోకా లేదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది మరి.

అసలు అడ్డు ఆ తిరిగే డిస్కే. దాని స్థానంలో 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ, ఖాళీ స్లాట్‌లో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ వేయండి. విప్పేముందు లోపలి బ్యాటరీని బయాస్‌లో ఆపి, బయటిది ఊడదీయండి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. అడుగు మూత అంచుల్ని పాత ఏటీఎం కార్డుతో మెల్లగా లేపండి.

కోనసీమ తేమకి మదర్‌బోర్డు మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే మాత్రం రూపాయి కూడా పెట్టకండి.