మూడు భాషలు మొదలుపెట్టా... ఆసక్తి పోతోంది!

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. జర్మన్, జపనీస్, స్పానిష్ ఒకేసారి మొదలుపెట్టాను. మొదట్లో హుషారుగా సాగింది. ఇప్పుడు పుస్తకం తెరవాలంటేనే విసుగు. ఏం చేయాలి?
- ఓ సోదరి, వరంగల్

జవాబు: ఇది మీ ఒక్కరి సమస్య కాదు. పలకరింపులు, అంకెలు ఏ భాషలోనైనా త్వరగా పట్టుబడతాయి. ఆ తర్వాతే జర్మన్ విభక్తులు, జపనీస్ కంజీ లిపి, స్పానిష్ క్రియారూపాలు ఒక్కసారిగా మీద పడతాయి. శ్రమ మూడింతలై, ఫలితం కనిపించక ఉత్సాహం తగ్గుతుంది.

* చదువుకో, ఉద్యోగానికో ముందు అవసరమయ్యే భాష ఏదో తేల్చుకోండి. దానికి రోజూ 45 నిమిషాలు ఇవ్వండి.
* రెండో భాషలో 15 నిమిషాలు పాత పాఠాలే తిరగేయండి. మొదటిది బి1 (మధ్యస్థ) స్థాయికి వచ్చేదాకా మూడోదాన్ని పక్కన పెట్టండి.
* జపనీస్‌లోనూ తెలుగులాగే క్రియ వాక్యం చివరే వస్తుంది. కాబట్టి వాక్యాలను ఇంగ్లిష్‌తో కాక తెలుగుతో పోల్చుకోండి.
* ఆ రోజు ఏం చేశారో నేర్చుకుంటున్న భాషలోనే మూడు వాక్యాల్లో రాయండి.
* గడువు పెట్టుకోండి. జపనీస్‌కు జులై, డిసెంబరుల్లో జేఎల్‌పీటీ అనే ప్రావీణ్య పరీక్ష ఉంటుంది. అందులో తొలి స్థాయి అయిన ఎన్5తో మొదలుపెట్టండి.

నెల తర్వాతా ముందుకు సాగకపోతే సొంతంగా కుస్తీ పట్టకుండా టీచర్ దగ్గర చేరండి. హైదరాబాద్‌లో గోథే జెంత్రుమ్, ఇఫ్లూ వంటి సంస్థలున్నాయి. చదువొక్కటే కాదు, ఏ పని మీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి కూడా తగ్గి రెండు వారాలు దాటితే మానసిక నిపుణులను కలవండి.