చదరపు కోత కలప నెన్నుకొను విధము

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలను చూచినవారికి దాని గోడల సంగతి జ్ఞాపకముండును. 1939వ సంవత్సరమున ప్రారంభమైన యా భవనపు గ్రానైటు రాళ్లు నలుచదరముగా చెక్కబడినవి. ఆనాటి కోణము నేటికిని చెదరలేదు. కలపకు ఈ గుణము లేదు. కోయబడిన పిమ్మట సయితము అది తేమను విడుచుచు, మరల పీల్చుచు, కదలుచునే యుండును. కావున మిల్లులో నాలుగంచులు చక్కగా తీయబడిన కఱ్ఱ మన యింట ఆఱు నెలలు గడచిన పిదప చదరముగా నుండునా యనునదే కొనువాడు విచారింపవలసిన విషయము.

క్రిందటి వేసవిలో మా సంఘ సభ్యులొకరు క్రొత్త యింటికి ద్వారబంధము కొనగోరి నన్ను వెంట రమ్మనిరి. (దీనిని మన ప్రాంతమున దర్వాజ యందురు.) వారి కుమారుడు విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. ఆ పిల్లవానిని చూచి, ఆవరణలోని బాట వెంబడి తార్నాక చేరి, ఆ చేరువ నొక కలప అడితిలో బేరమునకు దిగితిమి. టేకు చూపునకు బాగుగనే యున్నది. 5 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము అని చెప్పిరి. నిలువు కమ్ములు రెండు 7 అడుగులవి, అడ్డకమ్ములు రెండు 4 అడుగులవి. వెరసి 22 అడుగులు. అంగుళములలో వెడల్పును మందముతో హెచ్చించి, అడుగులలోని పొడవుతో మరల హెచ్చించి, 144చే భాగించిన ఘనపుటడుగులు వచ్చును. ఈ లెక్కన 2.29 ఘనపుటడుగులు. టేపు పెట్టి చూడగా వెడల్పు 4¾, మందము 2¾ మాత్రమే! నిజమైన కలప 2 ఘనపుటడుగులే. ఎనిమిదవ వంతునకు కొంచెము మించి సొమ్ము లేని కలపకు పోవుచున్నది. ఱంపపు పొట్టునకు కొంత పోవుట వాడుక యని అమ్మువారు చెప్పిరి. ఆ వాడుకను నేను పూర్తిగా త్రోసివేయను. కాని అది వెలలో ముందుగా చెప్పవలసినదే గాని, కొలతలో దాచవలసినది గాదు. తుదకు ఉన్న కొలతకే వెల కట్టిరి.

కొలత తేలిన తరువాత కఱ్ఱ కొనను చూడుడు. కొనువారిలో పెక్కురు పొడవు ముఖముల నునుపునే చూచి మురిసిపోవుదురు. కలప చరిత్ర యంతయు కొనయందే యున్నది. టేకు కొనపై ఏటేటి వలయములు కంటికి కనబడును. అవి పలక వెడల్పునకు సమాంతరముగా సాగినచో, ఎండినకొలది బెరడు వైపున నుండిన ముఖము దొప్పవలె గుంటపడును. నిలువుగా దిగినచో పలక అంతగా వంగదు. ఏలననగా కలప వలయముల వెంబడి కుదియుట, వలయముల కడ్డముగా కుదియుటకు ఇంచుమించు రెట్టింపు. పొడవున కుదియుట లెక్కింపదగినది గాదు. మాను నడిమి మెత్తని దవ్వ కమ్మిలో నున్నచో అది బీటవాఱుట తప్పదని యెంచుకొనవలయును. ఇక ఒక మూలయందు తెల్లని పట్టె కనబడినచో అది చేవ పట్టని భాగము. పుచ్చుపురుగును చెదలును మొదట పట్టునది యదియే. పైన రంగు పూసి యున్నచో నఖముతో గీరి చూచుటకు మొగమాటపడరాదు.

వంకర చూచుటకు కమ్మిని కంటియెత్తున పట్టి, ఒక కొననుండి రెండవ కొనవఱకు అంచు వెంబడి చూడుడు. మూలమట్టమును మూడు నాలుగు చోట్ల ఆనించి చూడుడు. కొమ్మ మొలచిన ముడి గట్టిగా నున్న భయము లేదు. కదలుచున్న ముడియు, అంచును తెంచు ముడియు పనికిరావు.

తేమ సంగతి చేతితో తూచి చెప్పువారు గలరు గాని, నాకంత నమ్మకము లేదు. చిన్న తునకను, కొనకు ఒక అడుగు లోపలి భాగమునుండి కోయించి, తూచి, సుమారు 103 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో బరువు తగ్గుట నిలుచువఱకు ఆరబెట్టి మరల తూచవలయును. మొదట 120 గ్రాములుండి పిదప 100 గ్రాములైనచో తేమ నూటికి 20 పాళ్లు. తలుపులకిది మిక్కిలి యెక్కువ. 10, 12 పాళ్లకు దిగవలెను. మా మిత్రుని కుమారుడు ఈ పరీక్షను కళాశాల ప్రయోగశాలలో ఒక దినములో చేసి యిచ్చెను. పచ్చికలపతో వానకాలమున బిగించిన తలుపు వైశాఖపు టెండలకు సందులు విడుచును.

అన్నిటికిని టేకే కావలెననుట వృథావ్యయము. బరువు మోయు దూలములకు నల్లమద్ది చాలును; ఆరునపుడు పగులు స్వభావము గలది గనుక నీడను మెల్లగా ఆరనీయవలెను. వేపకు చెదల బెడద తక్కువ. బండికిని నాగలికిని నల్లతుమ్మ మన పెద్దలు ఎన్నుకొన్నదే.

రసీదును, అటవీశాఖ రవాణా అనుమతి పత్రపు నకలును అడిగి తీసికొనుడు. సొంత పొలములోని టేకైనను అనుమతి లేక నఱుకరాదు, తరలింపరాదు. 2002వ సంవత్సరపు వాల్టా చట్టమును ఈ విషయమున గమనింపవలయును.

నలుగురైదుగురు సభ్యులు కలిసి యొక మానునే కొని, తమ కొలతల ప్రకారము ఎదుట నిలిచి కోయించుకొన్నచో, పైని చెప్పిన చిక్కులలో సగము తొలగును. ఏ పలక మాను నడిమినుండి వచ్చినదో, ఏది అంచుదో కంటికే తెలియును. కోసిన కలపను ఇంటికి తెచ్చి గోడకు చేరవేయరాదు. నేలకు అడుగెత్తున ఇటుకలపై, వరుసకు వరుసకు నడుమ రెండడుగుల దూరమున ఒకే మందముగల పుల్లలు పెట్టి, పుల్లపై పుల్ల నిలువుగా వచ్చునట్లు పేర్చి, నీడయు గాలియు గల చోట నుంచవలయును. కొనలకు మైనముగాని రంగుగాని పూయుడు. తేమ కొనలనుండియే త్వరగా పోవును, పగులు అచ్చటనే మొదలగును.