తాతయ్య కప్‌చాయ్ ఎందుకు మొరాయించింది?

ఈ సంచికకు మా తరగతి తరఫున ఒక బండి పాఠం రాస్తున్నాం. పుస్తకంలో చదివింది కాదు, చేతులకు మసి చేసుకుని నేర్చుకున్నది.

మన ఊరి పేరుకు అర్థం మీకు తెలుసా? మలయ్ భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. నత్తల ఏరు అన్నమాట. ఈ చుట్టుపక్కల తోటల్లో రబ్బరు చెట్టు బెరడు గీసి పాలు తీసేవారు చీకటితోనే లేచేవారు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పాలు బాగా కారతాయి, ఎండెక్కితే తగ్గిపోతాయి. ఆ వేళకు బండి స్టార్టు కాకపోతే ఆ రోజు కూలికి గండి పడ్డట్టే.

వారి బండి కప్‌చాయ్. హోండా సంస్థ 1958లో జపానులో సూపర్ కబ్ అనే చిన్న మోటారు సైకిలును విడుదల చేసింది. 2017 నాటికి ఆ తరహా బండ్లు పది కోట్లు తయారయ్యాయి. కబ్ అనే పేరుకు కాంటనీస్ భాషలో చిన్నది అని అర్థమిచ్చే చాయ్ చేరి కప్‌చాయ్ అయింది. మలేసియాలో ఇప్పుడు ఏ కంపెనీదైనా అటువంటి బండిని కప్‌చాయ్ అనే అంటారు.

మా తరగతిలో ఒక అబ్బాయి వాళ్ళ తాతయ్యగారికి అలాంటి పాత బండి ఉంది. దానిమీద ఆయన ఎన్నో ఏళ్ళు తోటకు వెళ్ళారు. నిరుడు వానాకాలంలో అది పొద్దున్నపూట స్టార్టు కావడం మానేసింది. ఇంట్లోవాళ్ళు పాత ఇనుముకు ఇచ్చేద్దామన్నారు. తాతయ్యగారు ఏమీ అనలేదు, బండిని మాత్రం రోజూ తుడుస్తూనే ఉన్నారు. అది చూసి మేము ఒక శనివారం బడికి ముందు, ఉదయం ఆరు గంటలకే వాళ్ళింటికి వెళ్ళాం.

"చలికి బిగుసుకుపోయింది" అన్నారు ఒకరు. "బ్యాటరీ పోయింది" అన్నారు ఇంకొకరు. "పెట్రోలు పాతబడింది" అన్నారు మరొకరు. తాతయ్యగారు నవ్వి, "ఒరేయ్, ముందు చూడండి, తరవాత విప్పండి. ఒకసారికి ఒక్కటే" అన్నారు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పెట్రోలు ఇంజను నడవడానికి మూడు కావాలి. ఒకటి, తగిన పాళ్ళలో కలిసిన పెట్రోలు, గాలి. రెండు, సరైన సమయానికి నిప్పురవ్వ. మూడు, సిలిండరులో ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే ఒత్తిడి. ఈ మూడింటిలో ఏది తక్కువైనా బండి మొరాయిస్తుంది.

మరి చలి ఏం చేస్తుంది? పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చలిలో ఆవిరి తక్కువగా పుడుతుంది. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, ఆ లోటు తీరుతుంది. చలికి ఇంజను ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. చలిదేశాల్లో ఉన్న మన బంధువుల పాత కార్లకు ఇది పెద్ద బాధ. మన దగ్గర కామెరాన్ హైలాండ్స్ కొండమీద రాత్రి గడిపిన పాత బండికి కూడా పొద్దున్నే చోక్ కావాలి. కానీ సుంగై సిపుట్‌లో తెల్లవారుజామున కూడా సాధారణంగా ఇరవై డిగ్రీలు దాటే ఉంటుంది. అంత చలి లేదు. మరి తప్పు ఎక్కడుంది? వరసగా చూశాం.

1. ట్యాంకులో పెట్రోలు ఉందా, ట్యాప్ తెరిచి ఉందా? ఉన్నాయి. నెలల తరబడి నిలిపిన బండి అయితే పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయాలి. దీనిలో వారం కిందటే పోశారట.

2. చోక్ వేసి, యాక్సిలరేటరు తిప్పకుండా నాలుగు కిక్‌లు కొట్టాం. పలకలేదు. ఇక కొట్టలేదు. ఊరికే కొడుతూ పోతే ఇంజనులో పెట్రోలు నిండిపోతుంది. అలా నిండితే చోక్ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి కిక్ కొట్టాలి.

3. తాతయ్యగారు స్పార్క్ ప్లగ్ విప్పారు. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని గుర్తు. ఇది తడిగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, మంటే రావడం లేదు. ప్లగ్ తుడిచి, రెండు మొనల మధ్య సందు కొలిచారు. ఇటువంటి బండికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. సరిగానే ఉంది.

4. ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూసి, చిందిన పెట్రోలు తుడిచి, ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి ఇంజను లోహానికి ఆనించి ఆయనే కిక్ కొట్టారు. రవ్వ ఒకసారి వచ్చింది, ఒకసారి రాలేదు. ఇంకా చీకటిగా ఉంది కాబట్టి మాకు ఇంకొకటి కనిపించింది. ప్లగ్ క్యాప్ పక్కన సన్నని నీలిరంగు మెరుపు!

దొంగ దొరికాడు. క్యాప్ బీటలు వారింది. వానకు, మంచుకు ఆ బీటలో తేమ చేరుతోంది. కరెంటు ప్లగ్ మొనదాకా పోకుండా ఆ తేమ దారిన ఇంజను లోహంలోకి పారిపోతోంది. మధ్యాహ్నం ఎండకు ఆరాక బండి మామూలుగా స్టార్టయ్యేది కూడా అందుకే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకని ఎవరూ అడగలేదు.

దుకాణాలు తెరిచాక కొత్త క్యాప్ తెచ్చి బిగించారు. రెండో కిక్‌కే బండి పలికింది. ఆ తరవాతి శనివారం, రాత్రంతా వాన పడిన ఉదయాన, తాతయ్యగారు మనవడిని వెనక ఎక్కించుకుని బడికి తెచ్చి దించారు. పాత ఇనుము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పిల్లలూ, జాగ్రత్తలు మరవకండి. ప్లగ్ విప్పడం, రవ్వ చూడడం పెద్దల పని. రవ్వ దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటే భగ్గుమంటుంది, ప్లగ్ తీగ పట్టుకుంటే షాక్ కొడుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. పెట్రోలు, రవ్వ రెండూ బాగుండి, కిక్ మరీ తేలికగా దిగుతుంటే ఒత్తిడి పోయిందేమోనని అనుమానించి మెకానిక్‌కు చూపించాలి.

మాటలు నేర్చుకుందాం: మొరాయించు - కదలనని మొండికేయు. తేమ - కంటికి కనబడనంత తడి. నిప్పురవ్వ - చిన్న మంట తునక. బీట - సన్నని పగులు.

ఇంటిపని: మీ ఇంట్లో పాడైన వస్తువు ఒకటి ఎంచుకోండి. అది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తాతయ్యనో, అమ్మమ్మనో తెలుగులో అడిగి ఐదు వాక్యాలు రాయండి. జవాబు దొరకకపోయినా ఫరవాలేదు, ప్రశ్నలు మాత్రం వరసగా ఉండాలి.