వయసు మళ్లిన స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ పరీక్షలు

వ్యాధి ముదిరిన తరువాత చికిత్స చేయడం కంటె దానిని తొలిదశలోనే గుర్తించడం మేలు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ మాట మరింత నిజం. చేతికి తగలనంత చిన్న గడ్డను సైతం మామోగ్రామ్ అనే ఎక్స్‌రే చిత్రం చూపగలదు. అయితే ఈ పరీక్షను ఏ వయసు వరకు ప్రభుత్వం జరిపించాలి? బ్రిటన్ అనుభవం ఈ ప్రశ్నను చక్కగా వివరిస్తుంది.

శస్త్రవైద్యుడు ప్యాట్రిక్ ఫారెస్ట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1986లో నివేదిక సమర్పించింది. దానిని అనుసరించి 1988లో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ఉచిత పరీక్షలు ప్రారంభించింది. 50 నుండి 64 ఏళ్ల స్త్రీలకు మూడేళ్లకొకసారి ఆహ్వానపత్రం అందేది. ఆ వయసు దాటితే పిలుపు ఆగిపోయేది. కాని వయసుతోపాటు ఈ వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుందే గాని తగ్గదు. పిలుపు రాకపోతే, ఇక తమకు భయం లేదని వృద్ధులు పొరబడవచ్చు. అందువల్ల 2000 సంవత్సరపు క్యాన్సర్ ప్రణాళిక ఈ పరిమితిని 70 ఏళ్లకు పెంచింది. నేడు 71 ఏళ్లు నిండినవారికి పిలుపు రాకపోయినా, కోరితే మూడేళ్లకొకసారి ఉచితంగా పరీక్ష చేస్తారు.

మరి పరిమితిని పూర్తిగా ఎందుకు తొలగించలేదు? కొన్ని గడ్డలు ఎంతో నెమ్మదిగా పెరుగుతాయి. బతికినంత కాలం హాని చేయవు. వాటిని కనుగొంటే వృద్ధురాలు అనవసరంగా శస్త్రచికిత్సకు గురి కావలసి వస్తుంది. ఈ పరీక్షల వల్ల ఏటా సుమారు 1,300 మరణాలు తప్పుతున్నాయనీ, తప్పిన ఒక్కొక్క మరణానికి ముగ్గురు స్త్రీలకు అనవసర వ్యాధి నిర్ధారణ జరుగుతున్నదనీ 2012లో మైకేల్ మార్మట్ సంఘం అంచనా వేసింది. కనుక లాభనష్టాలు తెలిపి, నిర్ణయాన్ని ఆ స్త్రీకే విడిచిపెట్టడం న్యాయం.

ఖరీదైన యంత్రాలు లేనిచోట కూడ మార్గం ఉంది. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి 1998లో ఒక అధ్యయనం ప్రారంభించింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించడం వల్ల 50 ఏళ్లు, ఆ పైబడిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్లు 2021లో వెల్లడైంది. ఇంటిలోని అమ్మమ్మ, నాయనమ్మలు సిగ్గుతో గడ్డను దాచుకొనకుండ ధైర్యం చెప్పడం చదువుకొన్న పిల్లల కర్తవ్యం.

అర్థాలు
శస్త్రవైద్యుడు = ఆపరేషన్లు చేసే వైద్యుడు
పరిమితి = హద్దు
నిర్ధారణ = నిశ్చయించడం

ప్రశ్నలు
1. బ్రిటన్ పరీక్షల వయఃపరిమితిని ఎందుకు పెంచింది?
2. వృద్ధులకు పరీక్షలు జరపడంలోని లాభనష్టాలను వివరించండి.