మిడతల వంశచరిత్ర: కాలాపేట విద్యార్థులకు ఒక పరిశోధన మార్గం

పార్లమెంటు చట్టంతో 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయపు కాలాపేట ప్రాంగణంలో బయోటెక్నాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్, జీవావరణ శాస్త్ర విభాగాలు మూడూ ఉన్నందువల్ల, సీయూఈటీ-పీజీ రాసి యానాం నుంచీ తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చి చేరే విద్యార్థులు ఒక అరుదైన రంగం వైపు చూడవచ్చు. జాతుల డీఎన్ఏలో తరతరాలుగా పేరుకున్న మార్పులను పోల్చి, అవి ఏ ఉమ్మడి పూర్వీకుల నుంచి ఎప్పుడు విడిపోయాయో అంచనా వేసే ఆ రంగాన్ని ఫైలోజెనెటిక్స్ అంటారు. దానికి మిడతల కంటే ఆసక్తికరమైన జీవులు తక్కువే.

అనువంశికతకు ఆధారం క్రోమోజోములేనన్న సిద్ధాంతానికి వాల్టర్ సట్టన్ 1902లో పునాది వేసింది మిడత కణాలను పరిశీలించే. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఉన్న షిస్టోసెర్కా అనే మిడతల ప్రజాతి చరిత్రను జన్యువులతో పరిశీలించిన శాస్త్రవేత్తలు, అమెరికా ఖండాల్లోని దాని జాతుల పూర్వీకులు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వెళ్లినవేనని నిర్ధారించారు. 1988లో ఇదే ప్రజాతికి చెందిన ఎడారి మిడతల దండు పశ్చిమాఫ్రికా నుంచి ఎగిరి కరీబియన్ దీవులకు చేరడం అటువంటి ప్రయాణం సాధ్యమేనని కళ్లకు కట్టింది.

ప్రయోగశాలలో ఈ పని ఒక కాలితో మొదలవుతుంది. పట్టిన మిడత వెనుక కాలిని తీసి, గాఢ ఆల్కహాలులో శీతలంగా భద్రపరిచి, దాని కండరం నుంచి డీఎన్ఏను వేరుచేస్తారు. మిగిలిన దేహాన్ని సూదికి గుచ్చి, పట్టిన చోటు, తేదీ రాసిన చీటీతో ఆధార నమూనాగా దాచుతారు. తరువాత మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాల భాగాన్ని పీసీఆర్‌తో విస్తరింపజేసి చదువుతారు. అయితే ఆ జన్యువు పాత నకళ్లు మిడతల కేంద్రకంలోకి చేరి నిరుపయోగంగా మిగిలిపోయి ఉంటాయి. పీసీఆర్ వాటిని కూడా పట్టుకుంటే ఒకే జాతి అనేక జాతులుగా కనిపిస్తుందని 2008లో వెలువడిన ఒక అధ్యయనం మిడతలతోనే నిరూపించింది. వరుస మధ్యలో అకాలంగా స్టాప్ కోడాన్, అంటే ప్రోటీన్ తయారీని ఆపే సంకేతం, ఎదురైతే అనుమానించి వెనక్కి వెళ్లి నమూనాను మళ్లీ చూడగలగడమే ఈ విద్యలో అసలైన నైపుణ్యం. కనుక కీటకాన్ని చూసి గుర్తుపట్టలేని జన్యుశాస్త్రజ్ఞుడు ఇక్కడ సగం పనివాడు మాత్రమే.

వలస మిడత జీనోము సుమారు 650 కోట్ల అక్షరాలు, మానవ జీనోముకు రెట్టింపు. అంత సమాచారాన్ని కంప్యూటర్‌తోనే విశ్లేషించగలం కాబట్టి లినక్స్, పైథాన్, ఆర్ వంటివి ఎమ్మెస్సీ నాటికే చేతికి రావాలి.

పరిశోధనలో ప్రవేశానికి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ప్రధాన ద్వారం. దాని ద్వారా జేఆర్ఎఫ్ పొందినవారికి తొలి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్, అర్హతను బట్టి ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. 1916లో ఏర్పడి చెన్నై, హైదరాబాదుల్లోనూ కేంద్రాలున్న భారత జంతు సర్వేక్షణ సంస్థ, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఈ విద్యకు సహజమైన గమ్యాలు. కేవలం మిడతల కోసమే వెలువడే ఉద్యోగ ప్రకటనలు అరుదన్నది దాచకూడని నిజం. కానీ డీఎన్ఏ వరుసలను విశ్లేషించే ఇదే నైపుణ్యం పంటల తెగుళ్ల నిఘాకూ, వైరస్‌ల పరిణామాన్ని అనుసరించే వైద్య పరిశోధనకూ నేరుగా అక్కరకొస్తుంది.