పోటీ పరీక్షల ప్రత్యేకం: క్రీడా పరికరాలు – లోహాలు, కార్బన్ ఫైబర్

- సాంద్రత (ఘన సెం.మీ.కు గ్రాముల్లో, సుమారుగా): ఉక్కు 7.8, టైటానియం 4.5, అల్యూమినియం 2.7, కార్బన్ ఫైబర్ కాంపోజిట్ 1.6.
- కార్బన్ ఫైబర్ తయారీ: పాలీఅక్రైలోనైట్రైల్ పోగులను ముందుగా గాలిలో వేడిచేసి స్థిరపరుస్తారు. తర్వాత ఆక్సిజన్ లేనిచోట 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే కార్బన్ పోగులు మిగులుతాయి. వీటిని ఎక్కువగా ఎపాక్సీ రెజిన్‌తో కలిపి కాంపోజిట్‌గా మలుస్తారు.
- దిశ ప్రభావం: సాధారణంగా లోహాల బలం అన్ని దిశల్లో దాదాపు సమానం. కార్బన్ ఫైబర్ బలం పోగులు పరచిన దిశలోనే ఎక్కువ. అందుకే రాకెట్, సైకిల్ ఫ్రేమ్‌లలో అవసరమైన చోట అవసరమైన దిశలో పోగులు పేరుస్తారు.
- విఫలమయ్యే తీరు: ఉక్కు, అల్యూమినియం విరిగేముందు సాధారణంగా వంగుతాయి. కార్బన్ ఫైబర్ పెళుసు. లోపలి పొరలు విడిపోయినా పైకి కనిపించకపోవచ్చు.
- తుప్పు: కార్బన్ ఫైబర్ తుప్పు పట్టదు. కానీ తేమలో దాన్ని నేరుగా తాకే అల్యూమినియం త్వరగా క్షయమవుతుంది (గాల్వానిక్ క్షయం).

గుర్తుంచుకోండి
- 1979: పెర్త్ క్రికెట్ టెస్టులో డెన్నిస్ లిల్లీ (ఆస్ట్రేలియా) అల్యూమినియం బ్యాట్ వాడారు. బ్యాట్ బ్లేడు చెక్కదే కావాలన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది.
- 1992: బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ (బ్రిటన్) లోటస్ కార్బన్ ఫైబర్ సైకిల్‌పై వ్యక్తిగత పర్స్యూట్ స్వర్ణం గెలిచారు.

మాదిరి ప్రశ్న: కింది వాటిలో సాంద్రత అతి తక్కువ ఉన్నది?
1) టైటానియం 2) ఉక్కు 3) కార్బన్ ఫైబర్ కాంపోజిట్ 4) అల్యూమినియం
జవాబు: 3