పాప బరువు – ఇంటి బతుకు

అంగన్‌వాడీలో నెలకొకసారి పసిపిల్లలను తూకం వేస్తారు. ఆ బరువును కార్డు మీద చుక్కగా పెడతారు. చుక్కకూ చుక్కకూ గీత కలుపుతారు. ఆ గీత ఎందుకు? దాన్ని తల్లి చదవగలదా?

తప్పకుండా చదవగలదు. అక్షరాలు నేర్చిన తల్లికి ఆ గీత కష్టం కాదు. రండి, నేర్చుకుందాం.

గీత ఏం చెబుతుంది?

పుట్టిన బిడ్డ సుమారు 3 కిలోలు ఉండాలి. రెండున్నర కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు అంటారు. అయిదో నెలకు బరువు రెండింతలు కావాలి. ఏడాదికి మూడింతలు కావాలి. పుట్టినప్పుడు బిడ్డ పొడుగు సుమారు 50 సెంటీమీటర్లు. ఏడాదికి అది సుమారు 75 అవుతుంది.

కార్డు మీద మూడు రంగులు ఉంటాయి. ఆకుపచ్చలో ఉంటే బరువు సరిపోయినట్లు. పసుపులో ఉంటే బరువు తక్కువ. నారింజ రంగులో ఉంటే మరీ తక్కువ.

రంగు ఒక్కటే చూస్తే చాలదు. గీత ఎటు పోతోందో కూడా చూడాలి. గీత పైకి పోతే బిడ్డ పెరుగుతోంది. అడ్డంగా పోతే ఎదుగుదల ఆగింది. కిందికి దిగితే ప్రమాదం. వెంటనే ఏ.ఎన్.ఎం.కు చూపించాలి.

ఒకే వీధి, రెండు గీతలు

ఒక ఊళ్లో ఒకే వీధి అనుకుందాం. ఆ వీధిలో ఒకే వారంలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరి బరువూ 2 కిలోల 800 గ్రాములే.

ఆరు నెలలకు మొదటి పాప 7 కిలోలు. రెండో పాప 6 కిలోలు.

ఏడాదికి మొదటి పాప 8 కిలోల 800 గ్రాములు. రెండో పాప 6 కిలోల 800 గ్రాములు.

పుట్టిననాడు తేడా లేదు. ఏడాదికి 2 కిలోల తేడా వచ్చింది. ఎందుకు?

మొదటి పాప ఇంట్లో రెండెకరాల మాగాణి ఉంది. పాడి గేదె ఉంది. తల్లి పదో తరగతి చదివింది. ఏడాదిదాకా ఇంటిపట్టునే ఉంది. రెండో పాప ఇంటికి సెంటు భూమి లేదు. తల్లికి పదహారేళ్లకే పెళ్లి చేశారు. బడి మొహం చూడలేదు. మూడో నెలలోనే కూలికి పోయింది.

అంగన్‌వాడీ టీచరు రెండో పాప తల్లిని అడిగింది.

"మూడు నెలలుగా గీత అడ్డంగా పోతోంది వదినా. పాప ఏం తింటోంది?"

"పొద్దున్నే మిరప కోతకు పోతాను టీచరమ్మా. వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. మధ్యలో పెద్దపిల్ల ఇంత గంజి తాగిస్తది. అది ఎనిమిదేళ్ల పిల్ల. దానికి తెలిసినంత అది చేస్తది."

"మరి దాని బడి?"

"మాన్పించాం. ఏం చేయను? నేను పోకుంటే పొయ్యి వెలగదు."

పక్కనే ఉన్న అత్త అందుకుంది. "మా వంశమే అంత అమ్మా. అందరం పొట్టివాళ్లం, బక్కవాళ్లం. తలరాత ఎవరు మారుస్తారు?"

ఇది తలరాతేనా?

అత్త అన్న మాట చాలామంది అంటారు. అది ఎంతవరకు నిజం?

1997 నుంచి 2003 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పరిశీలన చేసింది. అమెరికా, నార్వే, బ్రెజిల్, ఘనా, ఒమన్, భారతదేశం, ఈ ఆరు దేశాల పిల్లలను కొలిచింది. మన దేశంలో దక్షిణ ఢిల్లీ పిల్లలను ఎంచుకున్నారు. అందరూ తల్లిపాలు తాగిన పిల్లలు. తిండికి, వైద్యానికి లోటు లేని ఇళ్ల పిల్లలు.

ఏం తేలింది? అయిదేళ్ల లోపు ఈ పిల్లల ఎత్తులు ఇంచుమించు ఒకటిగానే ఉన్నాయి. రంగు వేరు, భాష వేరు, దేశం వేరు. అయినా మంచి తిండి, శుభ్రత, ఆలనాపాలనా దొరికితే పసిపిల్లలు ఒకేలా ఎదుగుతారు. 2006లో ఆ కొలతలతోనే కొత్త కార్డు తయారైంది. మన అంగన్‌వాడీ కార్డుకు మూలం అదే.

అమ్మానాన్నల పోలిక కొంత ఉంటుంది. కాని గీత అడ్డంగా పోవడానికి పోలిక కారణం కాదు.

మరి కారణం ఏమిటి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని వాళ్లను లెక్కించారు. దీన్నే గిడసబారడం అంటారు.

అందరికంటే పేద ఇళ్లలో 100 మందికి 46 మంది గిడసబారారు. అందరికంటే కలిగిన ఇళ్లలో 100 మందికి 23 మంది.

బడికి పోని తల్లుల పిల్లల్లో 100 మందికి 46 మంది. పన్నెండో తరగతి దాకా, ఆపైన చదివిన తల్లుల పిల్లల్లో 26 మంది.

ఆంధ్రప్రదేశ్‌లో 100 మందికి 31 మంది, తెలంగాణలో 33 మంది గిడసబారారు.

ఈ లెక్కలో ఇంకో మాట దాగి ఉంది. పేద ఇళ్లలో కూడా 100 మందికి 54 మంది గిడసబారలేదు. అంటే పేదరికం పెద్ద అడ్డంకే. కాని దాటలేని గోడ కాదు.

పేదరికం బిడ్డ కడుపులోకి ఎలా వస్తుంది?

1. తల్లి ఒంటి నుంచి. చిన్న వయసు పెళ్లి, రక్తం తక్కువ, వెంటవెంటనే కాన్పులు, ఇవన్నీ కడుపులో బిడ్డను బక్క చేస్తాయి. చాలా ఇళ్లలో కోడలు అందరికంటే చివర తింటుంది. అడుగున మిగిలిందే ఆమెకు. గర్భిణికి కూడా అంతేనా?

2. పని నుంచి. తల్లి కూలికి పోతే పగటిపూట పాలు అందవు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏమీ పట్టకూడదు. కాని పాలిచ్చే తీరిక ఎక్కడ?

3. గిన్నె నుంచి. ఆరు నెలలు నిండాక పాలు ఒక్కటే చాలవు. పలచని గంజి కడుపు నింపుతుంది, బలం ఇవ్వదు. పప్పు, గుడ్డు, ఆకుకూర, నూనె కావాలి. వాటికి డబ్బు కావాలి.

4. నీళ్ల నుంచి. మురికి నీళ్లు, ఆరుబయట మలం, కడగని చేతులు విరేచనాలు తెస్తాయి. తిన్నది ఒంటబట్టదు. గీత కిందికి దిగుతుంది.

5. తాగుడు నుంచి. వచ్చిన కూలి దుకాణం పాలైతే ఇంటికి గుడ్డు రాదు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

టీచరు తల్లిని తప్పు పట్టలేదు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడింది. పాప తండ్రి కూడా విన్నాడు. పగలు మూడుసార్లు పాపకు తినిపించే పని అత్త తీసుకుంది. అన్నం, పప్పు మెత్తగా మెదిపి, చెంచా నూనె కలిపి పెట్టింది. చెంచాలోంచి జారిపోని చిక్కని ముద్ద పెట్టింది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పాపకే పెట్టింది. పొద్దున, రాత్రి తల్లి పాలు ఇచ్చింది. పెద్దపిల్ల మళ్లీ బడికి పోయింది.

రెండు నెలలకు పాప 7 కిలోల 300 గ్రాములకు వచ్చింది. గీత పైకి తిరిగింది. కూలి రేటు పెరగలేదు. పొలం రాలేదు. ఇంట్లో పని పంచుకున్నారు, అంతే.

అందరూ కలిసి ఏం చేయవచ్చు?

కొన్ని పనులు ఒక్క ఇంటితో కావు. మంచినీళ్లు, మరుగుదొడ్డి, సరైన కూలి, తెరిచి ఉండే అంగన్‌వాడీ, ఇవి ఊరంతా కలిసి అడగాలి. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ఏం చెబుతుంది? గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలలదాకా బాలింతకు అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం అందాలి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకూ తిండి అందాలి. ఇది దానం కాదు, హక్కు.

కలిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు. వాళ్లు రాత్రిబడిలో చదువు నేర్చుకున్నారు. చదివిన పాఠం గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. పిల్లల నోటి ముద్ద కోసమే ఆ తల్లులు రోడ్డెక్కారు.

లెక్క చేద్దాం

ఒక ఇంట్లో తాగుడుకు రోజుకు 100 రూపాయలు పోతాయి అనుకుందాం. 30 రోజులకు ఎంత? 100 × 30 = 3,000 రూపాయలు.

గుడ్డు ధర 7 రూపాయలు అనుకుందాం. రోజూ ఇంట్లో నలుగురికి తలా ఒక గుడ్డు. రోజుకు 28 రూపాయలు. నెలకు 840 రూపాయలు.

3,000 నుంచి 840 తీసేయండి. ఇంకా ఎంత మిగిలింది? మీ ఊరి ధరలు వేసి మళ్లీ చేయండి.

జవాబులు చెప్పండి

1. గీత అడ్డంగా పోతే అర్థం ఏమిటి?
2. రెండో పాప బరువు ఎందుకు తగ్గింది? మూడు కారణాలు చెప్పండి.
3. "మా వంశమే అంత" అన్న అత్తకు మీరేం చెబుతారు?
4. మీ ఇంట్లో చివర తినేది ఎవరు?

చేసి చూడండి

ఈ నెల తూకం రోజున మీ బిడ్డ కార్డు మీరే చదవండి. మీ వీధిలో గీత అడ్డంగా పోతున్న పిల్లలు ఎందరు? వాళ్ల లెక్క పలక మీద రాయండి. సంఘం మీటింగులో చదివి వినిపించండి.